ఏడు తీగల గ్రీకు లైర్‌ను పాత స్వరక్రమాలకు శ్రుతి చేయడం ఎలా?

ప్రశ్న:
చాలా ఏళ్లు వీణ నేర్చుకున్న తరువాత, నిరుడు ఏడు తీగల లైర్ ఒకటి కొనుక్కున్నాను. తాబేటి చిప్ప ఆకారంలో ఉన్న గుల్ల, దాని నుంచి పైకి లేచే రెండు కొమ్ములు, వాటిని కలిపే అడ్డకర్ర, ఆ కర్రకు చుట్టిన తీగలు ఉన్న ఈ వాద్యం ప్రాచీన గ్రీకు కుండల మీది బొమ్మలలో కనిపించే లైరాకు నమూనా. ఫోనులోని యాప్ సాయంతో ‘డోరియన్’ వరుసకు తీగలను బిగించగా మన ఖరహరప్రియ స్వరాలు వినిపించాయి. అయితే గ్రీకుల డోరియన్ మన తోడికి దగ్గరగా ఉంటుందని ఒకచోట చదివాను. ఏది సరైనది? పైగా యాప్ పన్నెండు స్వరస్థానాలనే చూపుతుంది కనుక, అంతకంటే సూక్ష్మమైన స్వరాలుండే ‘ఎన్‌హార్మోనిక్’ పద్ధతికి తీగలను ఎలా తేవాలో తెలిసినవారు వివరించగోరుతున్నాను.

జవాబు 1:
మీరు విన్నదీ చదివినదీ రెండూ నిజమే. మధ్యయుగపు ఐరోపా చర్చి సంగీతజ్ఞులు గ్రీకు పేర్లను తీసుకొని వేరే వరుసలకు పెట్టారు. యాప్ చూపేది ఆ తరువాతి డోరియన్. గ్రీకుల వరుసలను మన గ్రహభేదంతో సులువుగా గ్రహించవచ్చు. శంకరాభరణం స్వరాలను కదపకుండా గాంధారాన్ని ఆధార షడ్జంగా తీసుకుంటే వచ్చే హనుమతోడి స్వరాలే గ్రీకు డోరియన్‌వి. రిషభం నుంచి మొదలుపెడితే ఖరహరప్రియ, అంటే వారి ఫ్రిజియన్. నిషాదం నుంచి మొదలయ్యే మిక్సోలిడియన్‌లో పంచమం ఉండదు కనుక దానికి మేళకర్తలలో చోటు లేదు. అయితే ఈ పోలిక స్వరస్థానాల వరకే. తోడికి ప్రాణం గమకం. మెట్లు లేని, ఒక్కో తీగకు ఒక్కో స్వరమే ఉన్న వాద్యం మీద తోడిని వెతికితే నిరాశే మిగులుతుంది.

జవాబు 2:
యాప్‌ను పక్కన పెట్టి చెవితోనే శ్రుతి చేయవలసిందిగా నా విన్నపం. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దికి చెందిన గ్రీకు సంగీతశాస్త్రజ్ఞుడు అరిస్టాక్సెనస్ సిద్ధాంతానికి పునాది షడ్జ మధ్యమాల దూరంలో ఇమిడే నాలుగు స్వరాల కట్టు. దాని అంచు స్వరాలు రెండూ కదలవు. లోపలి రెండింటి కదలికను బట్టి డయాటోనిక్, క్రోమాటిక్, ఎన్‌హార్మోనిక్ అనే మూడు జాతులు ఏర్పడతాయి. నడుమనున్న ‘మెసే’ అనే నాలుగో తీగ ఉమ్మడి కావడం వల్ల ఏడు తీగలలోనే ఇటువంటి కట్లు రెండు ఇముడుతాయి.

ఎన్‌హార్మోనిక్‌కు ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు ఆర్కిటాస్ చెప్పిన నిష్పత్తులు నాకు ఎక్కువ ఇష్టం. అన్నిటికంటే కింది స్వరం పలికే మొదటి తీగను షడ్జమనుకొని, మెసే శుద్ధ మధ్యమంగా (4:3) పలికేటట్టు ఆ రెండింటినీ కలపండి. తరువాత మూడో తీగను షడ్జమనుకొని, మెసే దానికి అంతర గాంధారం (5:4) అయ్యేటట్టు, రెండింటినీ కలిపి మీటినప్పుడు వినిపించే ఊగిసలాట పూర్తిగా ఆగేవరకు మూడో తీగను సవరించండి. ఇప్పుడు మొదటి, మూడో తీగల మధ్య మిగిలిన దూరం 16:15 మాత్రమే. ఆ ఇరుకులోనే రెండో తీగ నిలవాలి. ఆర్కిటాస్ లెక్కలో కింది భాగం 28:27, పై భాగం 36:35. ఈ జాతికి చెవి అలవాటుపడేది అన్నిటికంటే చివర, ఎంతో శ్రమ తరువాతే అని అరిస్టాక్సెనస్ స్వయంగా రాశాడు కనుక తొలి వారాలలో అపశ్రుతిగా తోచినా వదిలిపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మీరు చెప్పిన క్రమంలో నిన్న రాత్రి శ్రుతి చేశాను. మూడో తీగ నుంచి మెసేకు ఒక్కసారిగా ఎగిరినప్పుడు, కింద మూడు స్వరాలు ఒకదానికొకటి ఒరుసుకొని నిలబడినట్టుగా ఉంది. అటువంటి ధ్వని వీణ మీద నేను ఎన్నడూ వినలేదు. సాధనకు తగిన పాత రచన ఏదైనా ఉన్నదా?

జవాబు 3:
సెయ్‌కిలోస్ శిలాలేఖనం అనే ప్రాచీన గ్రీకు సమాధి రాతి మీది గీతాన్ని తీసుకోండి. నేటి తుర్కియేలోని ఐదీన్ దగ్గర, ప్రాచీన ట్రాలెస్‌లో, 1883లో బయటపడిన ఆ రాయి ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లోని డెన్మార్క్ జాతీయ మ్యూజియంలో ఉన్నది. సాహిత్యం పైన స్వరాక్షరాలు, వాటి మీద కాలప్రమాణపు గీతలు చెక్కి ఉండటం వల్ల పూర్తిగా చదివి వాయించగలుగుతున్నాము. ఇది ఎన్‌హార్మోనిక్‌లోని సూక్ష్మస్వరాలు లేని డయాటోనిక్ జాతి. మొదటి స్వరాన్ని షడ్జమనుకుంటే పంచమానికి ఎగురుతూ మొదలై, హరికాంభోజి స్వరాలలో నడిచి, మంద్ర పంచమం మీద ముగుస్తుంది. ఆ చివరి స్వరాన్నే ఆధారంగా తీసుకుంటే అదే వరుస ఖరహరప్రియ అవుతుంది. నాకు మొదటి పద్ధతే సహజంగా తోస్తుంది. దీనికి ఎనిమిది స్వరాలు కావాలి కనుక మీ వాద్యం తయారుచేసినవారు ఒప్పుకుంటే ఎనిమిదో తీగ కట్టించుకోండి. అంతవరకు కింది స్వరాన్ని గొంతుతో పలికి, ఎడమచేతి వేళ్లతో తీగల వెనుక నుంచి అక్కరలేని వాటిని అదిమిపట్టి, కుడిచేతితో అన్నిటినీ ఒక్కసారిగా మీటడం సాధన చేయండి. ఇథియోపియాలో క్రార్ అనే లైర్ వాయించేవారు నేటికీ అలాగే వాయిస్తారు.