టామ్‌క్యాట్ ఫైళ్లు ఏ ఖాతా పేరున ఉండాలి?

ప్రశ్న:
లినక్స్ సర్వర్‌లో టామ్‌క్యాట్‌ను (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) ఆప్ట్ డైరెక్టరీలో పెట్టాను. దాన్ని నడపడానికి లాగిన్ లేని సిస్టమ్ ఖాతా ఒకటి సృష్టించాను, పేరు కూడా టామ్‌క్యాటే. ఫైళ్లన్నీ ఆ ఖాతాకే ఇచ్చేయమని ఒకరు, అన్ని హక్కులూ ఉండే రూట్ ఖాతా పేరునే ఉంచమని మరొకరు అంటున్నారు. నా సొంత ఖాతా అయితే అప్‌గ్రేడ్ సులువని నాకు అనిపిస్తోంది. ఏది మేలు?

మొదటి జవాబు:
నడిపే ఖాతా వేరు, ఫైళ్ల సొంతదారు వేరు. ఈ రెండూ ఒకటే కావాలని ఎవరు చెప్పినా వినకండి. మీ అప్లికేషన్‌లోని లొసుగు పట్టుకొని ఎవరైనా చొరబడితే, వారికి దక్కేది టామ్‌క్యాట్ ఖాతా హక్కులు. జార్ ఫైళ్లు (జావా కోడ్ ఉండేవి), స్టార్టప్ స్క్రిప్టులు కూడా ఆ ఖాతావే అయితే వాటిని మార్చేస్తారు. ఆ తర్వాత మీరు రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ వారి కోడ్ నడుస్తుంది. రాసే అనుమతి తీసేశాం కదా అంటారేమో, సొంతదారు దాన్ని మళ్లీ ఇచ్చుకోగలడు! అందుకే అవి రూట్ పేరున ఉండాలి.

టామ్‌క్యాట్ నడుస్తూ రాసుకునే లాగ్స్, టెంప్, వర్క్ డైరెక్టరీలు మాత్రం టామ్‌క్యాట్ ఖాతాకు ఇవ్వండి. సెట్టింగులుండే కాన్ఫ్ డైరెక్టరీలో పాస్‌వర్డులుంటాయి కాబట్టి ఆ ఫైళ్లకు సొంతదారు రూట్, గ్రూపు టామ్‌క్యాట్, అనుమతి 640 (సొంతదారు చదవగలడు, రాయగలడు; గ్రూపు చదవగలదు; మిగతావారికి ఏ హక్కూ లేదు).

సొంత ఖాతా ఆలోచన మానుకోండి. రేపు మీరు వెళ్లిపోతే ఖాతా తొలగిస్తారు, సొంతదారు పేరుండాల్సిన చోట ఒక అంకె మిగులుతుంది. అదే అంకె (యూఐడీ, అంటే ఖాతా సంఖ్య) కొత్తవారికి ఇస్తే ఆ ఫైళ్లు వారివైపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి అప్లికేషన్లు ఉండే వెబ్‌యాప్స్ డైరెక్టరీ? టామ్‌క్యాట్ మేనేజర్ అనే వెబ్ పేజీ నుంచే వార్ ఫైళ్లు (అప్లికేషన్ ప్యాకేజీలు) ఎక్కిస్తాం. హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్టు కావాలంటే రూట్‌తోనే నడపాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
మేనేజర్ వాడినంతకాలం వెబ్‌యాప్స్‌లో రాసే హక్కు ఇవ్వక తప్పదు. నేనైతే మేనేజర్‌నే తీసేస్తాను. అప్లికేషన్‌ను విప్పిన డైరెక్టరీగా, వేరే డిప్లాయ్ ఖాతాతో పెడతాను.

రూట్‌తో నడపడం మాత్రం వద్దే వద్దు. టామ్‌క్యాట్‌కు ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ను ఉంచి, అక్కడికి వచ్చేవాటిని టామ్‌క్యాట్ పోర్టు 8080కి మళ్లించండి. 1024 కంటే తక్కువ పోర్టు తెరిచే హక్కు ఒక్కటే సర్వీసుకు ఇచ్చే వీలు, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డిలోనూ ఉంది.

మరొకరి జవాబు:
అంతా నిజమే, కానీ ఇదే సూత్రాన్ని డేటాబేస్ డేటాకు వర్తింపజేయకండి. పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీ దాన్ని నడిపే ఖాతా పేరునే ఉండాలి, లేకపోతే సర్వర్ మొదలుకాదు. రూట్‌తో నడపబోయినా ఒప్పుకోదు. అలాగే అన్నింటికీ నోబడీ అనే ఉమ్మడి సిస్టమ్ ఖాతా వాడే అలవాటుంటే మానేయండి: ఒక సర్వీసులోకి చొరబడినవారికి అదే ఖాతాతో నడిచే మిగతావీ చిక్కుతాయి.