మే నెలలో ఆరుగురు ఆడవాళ్లం, మూడు రోజుల వైజాగ్: మా ప్లాన్‌లో తప్పులు చెప్పండి

కరీంనగర్ టీచరమ్మ:

అందరికీ నమస్తే. మేం ఆరుగురం. హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు అందరికీ నలభై దాటింది. ఇన్నేళ్లుగా ఏ పెళ్లిలో కలిసినా "ఈసారి మనమే ఎక్కడికైనా పోదామే" అనుకోవడం, తెల్లారితే ఎవరి వంటింట్లో వాళ్లం పడిపోవడం. ఈసారి నేనే మొండికేసి కూర్చున్నా. బడులకు సెలవులు, పిల్లల్ని అమ్మమ్మ ఇంటికి పంపేస్తా. మా ఆయనకు అన్నం వండుకోవడం వచ్చు, పప్పు నేర్పిస్తున్నా.

ఊరు వైజాగ్ అని తేలింది. మే నెల చివర్లో గురువారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, శుక్రవారం తెల్లవారుజామున దిగుతాం. ఆదివారం సాయంత్రం అదే బండిలో వెనక్కి. ముగ్గురు హైదరాబాద్‌లో ఎక్కుతారు, నేను కాజీపేటలో, ఒకామె విజయవాడలో. ఆరో ఆమెది రాజమండ్రి. అర్ధరాత్రి స్టేషన్‌కు రాలేనని, పగటి బండిలో వస్తానంటోంది.

మా ప్లాన్: శుక్రవారం సింహాచలం, కైలాసగిరి, సబ్‌మెరైన్, ఆర్కే బీచ్. శనివారం అరకు, బొర్రా గుహలు. ఆదివారం రుషికొండ, తొట్లకొండ, భీమిలి, షాపింగ్, రైలు. రాసి గ్రూపులో పెడితే అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఒక్కరూ తప్పు పట్టలేదంటే ఒక్కరూ చదవలేదని అర్థం. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ఇబ్బందులు కూడా చెప్తాను. ఒకామెకు మోకాళ్ల నొప్పి, మెట్లంటే భయం. ఇద్దరు చేపల కోసమే వస్తున్నారు. ఇంకొకామె సంగతి ఎలా రాయాలో తెలియట్లేదు. ఈ మధ్య వాళ్ల ఇంట్లో డబ్బుకు కటకటగా ఉంది. పైకి చెప్పదు. ఖర్చు ఎక్కువైతే ఏదో ఒక సాకు చెప్పి చివర్లో మానేస్తుంది. మేం పెట్టుకుంటాం అంటే అసలే రాదు. ఆమె లేకపోతే నాకు ఈ ట్రిప్పే వద్దు. తలకు పది వేలలోపు అవుతుందా? ఎక్కడ తగ్గించాలి?

బ్యాగు సర్దేశా:

మేలో వైజాగ్ ఎవరైనా వెళ్తారా అండీ? ఊటీయో కొడైకెనాలో పొండి.

కరీంనగర్ టీచరమ్మ:

మూడు రోజుల్లో ఊటీకి పోయి రావడానికే రెండు రోజులు రైల్లో, బస్సులో కూర్చోవాలి తమ్ముడూ. పైగా మా రాజమండ్రి ఆమెకు ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులు.

ఎంవీపీ కాలనీ వదిన:

టీచరుగారూ, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే కాబట్టి కాస్త చనువుగా రాస్తున్నాను.

ముందు ఎండ సంగతి. మీ కరీంనగర్‌లో 43, 44 చూసినవాళ్లు ఇక్కడ 35 అని ఫోన్‌లో చూసి నవ్వుకుంటారు. దిగాక నవ్వు ఆగిపోతుంది. మీది పొడి ఎండ, మాది ఉక్కపోత. స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్లీ తడిసిపోతారు. పట్టుచీరలు, సిల్కు డ్రెస్సులు వద్దు, అన్నీ నూలువే తెచ్చుకోండి, రోజుకు రెండేసి. మే చివర్లో సాయంత్రాలు ఒక్కోసారి ఉరుములతో వాన పడుతుంది, ఓ గొడుగు పడేయండి.

ఆ నెలలో మేం బతికే పద్ధతి చెప్తాను, మీరూ అలాగే చేయండి. సూర్యోదయం ఐదుంపావు, ఐదున్నర మధ్యలో అయిపోతుంది. ఐదింటికల్లా బీచ్ రోడ్డు మీద ఉండాలి. తొమ్మిదికి టిఫిన్. పది నుంచి నాలుగు దాకా గదిలో పడుకోండి. ముచ్చట్లు చెప్పుకోడానికే కదా వస్తున్నారు, అదే టైము. నాలుగున్నర తర్వాత మళ్లీ బయటికి. అంటే రోజుకు రెండు చోట్లు. మీ శుక్రవారంలో నాలుగు ఉన్నాయి. కొండ మీద సింహాచలం ఒక దిక్కు, సముద్రం పక్కన కైలాసగిరి ఇంకో దిక్కు.

సింహాచలం వెళ్తే పొద్దున్నే వెళ్లండి. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే. ఆ చందనోత్సవం మీరు వచ్చేసరికి అయిపోతుంది లెండి. లేకపోతే ఆ రోజు ఊరు ఊరంతా కొండ మీదే ఉంటుంది.

సబ్‌మెరైన్‌కు సోమవారం సెలవు, మీ రోజుల్లో ఇబ్బంది లేదు. ఐఎన్‌ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరింది, 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి ఇలా ఒడ్డున మ్యూజియంగా ఉంది. నిజంగా చూడాల్సిందే. కానీ లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలు ఎత్తి దాటాలి. మోకాళ్ల నొప్పి ఆమెకు అది కష్టం. మీరు చూసి వచ్చేదాకా ఆవిడను బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చోబెట్టి మురీ మిక్చర్ పొట్లం చేతికివ్వండి. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మకాయ, అంతే. ఆవిడే ఎక్కువ సుఖపడుతుంది. ఎదురుగా టీయూ-142 విమానం కూడా ఉంది, బయటినుంచి చూసినా చాలా పెద్దది.

ఇప్పుడు చెడు కబురు. చేపలు! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లన్నీ హార్బర్‌లో కట్టేస్తారు. తెడ్డేసుకుని వెళ్లే చిన్న తెప్పల వాళ్లు తెచ్చేది కొంచెమే, ధర మండిపోతుంది. మా వీధికి గంపతో వచ్చే చేపలమ్మ ఆ రెండు నెలలూ ఎండుచేపలు అమ్ముతుంది. హోటల్లో వంజరం దొరకదని కాదు, ఐసులో ఎన్నాళ్లుందో అడగకండి. మేలో చెరువు రొయ్యలు తినండి, ఇగురు బాగుంటుంది. తాటి ముంజలు, మామిడిపళ్లు వాటికి సీజనే.

నీళ్ల దగ్గర మాత్రం నా మాట వినండి. మా ఒడ్డు ఒక్కసారిగా లోతు అవుతుంది. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాలికింద ఇసుకను లాగేస్తుంది. ఆర్కే బీచ్‌లో, యారాడలో ప్రతి వేసవీ ఎవరో ఒకరు పోతారు, ఎక్కువమంది మీలాగా ఊళ్లనుంచి వచ్చినవాళ్లే. మోకాలి లోతు దాటొద్దు. తడవాలని ఉంటే రుషికొండలో కాపలావాళ్లు ఉన్నవైపే దిగండి.

లెక్కల బాబాయ్:

అమ్మా, మా ఆఫీసువాళ్ల ట్రిప్పులన్నీ పదిహేనేళ్లుగా నా నెత్తినే. టికెట్లు, డబ్బు, రెండే మాట్లాడతా.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, 2024 నవంబర్‌కు ముందులా 120 కాదు. మే చివరి గోదావరికి తెరిచిన పొద్దునే కూర్చోవాలి. ఒక టికెట్ మీద ఆరుగురికి తీసుకోవచ్చు, కానీ ఎక్కే స్టేషన్ ఆ టికెట్ మొత్తానికీ ఒకటే ఉంటుంది. మీరు కాజీపేటలో, ఒకరు విజయవాడలో ఎక్కుతామంటే హైదరాబాద్ దాటగానే మీ బెర్తులు ఖాళీ అని టీటీఈ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. హైదరాబాద్ ముగ్గురికి ఒక టికెట్, మీకొకటి, విజయవాడావిడకొకటి తీయండి. బెర్తులు వేరే పెట్టెల్లో పడితే ఒక రాత్రే కదా, పడుకోవడమే. తత్కాల్ నమ్ముకోవద్దు. దాంట్లో టికెట్‌కు నలుగురే, పైగా ఇప్పుడు ఆధార్ లింకు లేనిదే ఆన్‌లైన్‌లో అవ్వదు.

ఐదున్నరకు దిగుతారు, హోటల్ గది పన్నెండుకు ఇస్తారు. ఇది ఎవరూ ఆలోచించరు. దిగిన దగ్గర్నుంచి 24 గంటల లెక్క వేసే హోటల్ చూసుకోండి. లేదా పొద్దున్నే గది ఇస్తారా అని ఫోన్ చేసి అడిగి, ఒప్పుకున్నది మెసేజ్‌లో రాయించుకోండి. మాకు ఒకసారి ఒక హోటలువాళ్లు ఫోన్‌లో సరేనని, వెళ్లాక తల అడ్డంగా ఊపారు. పద్నాలుగు మందిమి రిసెప్షన్‌లో సూట్‌కేసుల మీద పడుకున్నాం.

డబ్బుకు ఒక పద్ధతి ఉంది. అందరూ ముందే ఒకే మొత్తం ఒకరి దగ్గర వేయాలి. గది, కారు, తిండి అందులోంచే. చీరలూ, బొమ్మలూ ఎవరివి వాళ్లవి. ఆ సొమ్ము చూసే మనిషి మీరు కాకుండా వేరే ఎవరైనా అయితే మంచిది, ప్లానూ మీదే లెక్కా మీదే అయితే తిట్లు కూడా మీకే.

ఆ ఒక్కావిడ విషయం. తలకు పది వేలని చెప్పి, ఆవిడకు మాత్రం తగ్గించాలని చూడకండి. పట్టేస్తుంది. మొత్తం ప్లానే ఆరు వేలకు దించండి. ఏసీ బదులు స్లీపర్ ఎందుకని మిగతావాళ్లు అడిగితే, "నాకు కిటికీ గాలి కావాలి" అని మీరే అనండి.

సీతమ్మధార పిల్ల:

అక్కా, అరకు తీసేయండి ప్లీజ్. పోయినేడాది మా కజిన్స్ వస్తే ఒక్కరోజులో తిప్పాను, ఇప్పటికీ దెప్పుతున్నారు. పొద్దున ఏడులోపే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు ఎక్కాలి. సొరంగాలు, వంతెనలు, కిటికీ పక్కన ఆ నాలుగు గంటలూ చాలా బాగుంటాయి, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత అందరం ఆకలి మీద, బొంగులో చికెన్ దగ్గర క్యూ, బొర్రాలో మెట్లు దిగి ఎక్కడం, చీకట్లో ఘాట్ రోడ్డు మీద వెనక్కి. ఇంటికి చేరేసరికి రాత్రి పది. మీలో ఒకరికి మోకాళ్లు, ఒకరికి ఘాట్ రోడ్డు పడదు, ఇంకేం కావాలి! అరకు చలికాలంలో, రెండు రోజులు ఉండేలా పెట్టుకోండి.

బదులుగా శనివారం పొద్దున ఐదింటికి భీమిలి రోడ్డు పట్టండి. దారంతా సముద్రం పక్కనే. ముందు తొట్లకొండ, కారు కొండపైదాకా వెళ్తుంది, బౌద్ధుల విహారం పునాదులు, స్తూపం, కింద నీలంగా సముద్రం. నీడ ఉండదు, ఎండెక్కక ముందే చూడాలి. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. తర్వాత భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. పదిన్నరకు గదిలో ఉంటారు.

ఇంకోటి, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఇక్కడా ఫ్రీయే, స్త్రీశక్తి పథకం కింద. కానీ ఆంధ్ర అడ్రసు కార్డు ఉండాలి. మీలో ఇద్దరికే పనికొస్తుందనుకుంటా.

కరీంనగర్ టీచరమ్మ:

నవ్వలేక చచ్చాను. మా తెలంగాణ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద మాకు ఫ్రీ అని మేం నలుగురం వాళ్లిద్దర్నీ ఏడిపిస్తూ ఉంటాం, ఇప్పుడు వైజాగ్‌లో వాళ్లు మమ్మల్ని ఏడిపిస్తారన్నమాట.

బాబాయ్ గారూ, స్లీపర్ మాట నాకు నచ్చింది. అరకు కొట్టేశాను. అరకు కొట్టేస్తే కారు ఖర్చు సగానికి దిగింది. గ్రూపులో పెడితే ఈసారి చదివారు, ఎందుకంటే ఇద్దరు అలిగారు. చేపల గుంపు కూడా అలిగింది. రొయ్యలన్నాక శాంతించింది. లెక్కలు బ్యాంకులో పనిచేసే ఆమెకు అప్పజెప్పా. డబ్బుకు ఇబ్బంది పడే నా స్నేహితురాలు అందరికంటే ముందు తన వాటా వేసింది. ఏమీ అనలేదు, ఒక దండం బొమ్మ పెట్టింది.

కరీంనగర్ టీచరమ్మ:

వెళ్లొచ్చాం! ఆరుగురం వెళ్లి ఆరుగురం వచ్చాం. ఇన్ని సలహాలు తీసుకుని చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా.

తలకు 6,400 అయింది. శుక్రవారం పొద్దున గది ఏడింటికే ఇచ్చారు, మెసేజ్ చూపించాక. సింహాచలం పోలేదు, ఎవరికీ ఓపిక లేదు, స్వామి క్షమించాలి. కైలాసగిరి రోప్‌వేలో మోకాళ్ల ఆమె అందరికంటే ముందు ఎక్కింది. కురుసుర లోపల అంతమంది అన్ని నెలలు ఎలా పడుకున్నారో చూస్తే మా హాస్టల్ గది రాజభవనం. శనివారం సాయంత్రం వాన కొట్టింది, బీచ్ బదులు గదిలో మంచం మీద తాటి ముంజలు ఒలుచుకుని తిన్నాం, చేతులన్నీ జిగురు.

వదినగారూ, ఒకామె మీ మాట వినకుండా వంజరం ఫ్రై తెప్పించుకుంది. ఒక ముక్క తిని, మిగతాది మాకు ప్రేమగా వడ్డించింది. మాడుగుల హల్వా మాత్రం ఆరుగురం తలో కిలో తెచ్చుకున్నాం. నాది కాజీపేట వచ్చేసరికి ముప్పావు కిలో ఉంది.

డబ్బు దగ్గర గొడవ రాలేదు. ఏసీ దగ్గర వచ్చింది. ఒకామెకు 18 కావాలి, ఒకామెకు 27. రెండో రాత్రి రిమోట్ కనపడలేదు. రైల్లో బ్యాగు తీస్తే రాజమండ్రి ఆమె తువ్వాలు నా బ్యాగులో ఉంది, దాంట్లో చుట్టి రిమోట్. దాన్ని హోటల్‌కు పార్శిల్ చేయడానికి 90 రూపాయలైంది. అది ఉమ్మడి ఖర్చా, ఆమె సొంత ఖర్చా అని బ్యాంకు ఆమె ఇంకా తేల్చలేదు.