తుప్పు రంగు పురుగులు, ముడుచుకుంటున్న హ్యామర్ కోరల్: రెంటికీ సంబంధం ఉందా?

120 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీటి అక్వేరియం), మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. లైవ్ రాక్‌తో (సూక్ష్మజీవులు, చిన్న జీవులు పట్టి ఉన్న రాయి) వచ్చాయో కోరల్స్‌తో వచ్చాయో గానీ, పోయిన వారం నుంచి అద్దం మీద, ఇసుక మీద చిన్న పురుగులు కనిపిస్తున్నాయి. 3 మిల్లీమీటర్లకు మించవు. కాగితంలా పలచగా, తుప్పు రంగులో ఉన్నాయి. భూతద్దంతో చూస్తే తోక దగ్గర మూడు చిన్న మొనలు తేలాయి. ఒంటిమీద ముళ్లు లేవు, కాబట్టి బ్రిసిల్ వార్మ్ కాదనే నా నమ్మకం. వెలుతురు బాగా పడేచోటే గుంపు కడుతున్నాయి.

అప్పటినుంచే హ్యామర్ కోరల్ సగమే విచ్చుకుంటోంది. ఒక అంచున కండ వెనక్కి తగ్గి తెల్లటి అస్థిపంజరం బయటపడింది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. పక్కనే ఉన్న జోయాంథస్ అనే ఇంకో కోరల్ మాత్రం బాగానే ఉంది.

నీటి కొలతలు ఇవి: లవణీయత (సాపేక్ష సాంద్రతలో) 1.025, ఉష్ణోగ్రత 25.5 డిగ్రీలు, ఆల్కలినిటీ (క్షారత) 8.4 డీకేహెచ్, నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం.

పురుగుల్ని సన్నటి గొట్టంతో లాగేశాను, మళ్లీ వచ్చాయి. కోరల్‌ను అయోడిన్ డిప్‌లో (అయోడిన్ కలిపిన నీటిలో) ముంచితే ఒక్క పురుగూ రాలలేదు. నీటి ప్రవాహం తగ్గించినా తేడా లేదు. ఇలాంటి పలచటి పురుగుల్ని (ఫ్లాట్‌వార్మ్‌లను) చంపే మందు వేయాలంటే భయం, గుంపుగా చచ్చేటప్పుడు అవి వదిలే విషం చేపల మీదికి వస్తుంది.

హ్యామర్ ముడుచుకోవడానికి ఈ పురుగులే కారణమా, లేక నేను ఇంకోచోట వెతకాలా?