పాత తమియా హార్నెట్ రిమోట్ కారుతో రేసుకి చవకలో మంచి ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్) ఏది?

అందరికీ నమస్తే. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడి క్లబ్బులో పాతకాలపు బగ్గీల రేసు కోసం తమియా హార్నెట్ సిద్ధం చేస్తున్నాను, 1984లో వచ్చిన మోడల్. ఇందులో ఇప్పటికీ పాత మెకానికల్ స్పీడ్ కంట్రోలరే ఉంది, అంటే సర్వో (రిమోట్ చెప్పినట్టు తిరిగే చిన్న మోటారు) ఒక చేతిని తిప్పితే అది కాంటాక్టుల మీద జరుగుతూ స్పీడు మారుస్తుంది. కాంటాక్టులు నల్లబడ్డాయి, రెసిస్టర్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది, మలుపులో థ్రాటిల్ కొద్దిగా వదులుదామంటే బండి మెట్లు దిగినట్టు కుదుపుతోంది.

మోటారు మామూలు 540 సిల్వర్ క్యాన్, 27 టర్నులు (లోపలి తీగ చుట్లు, ఇవి తగ్గేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది). త్వరలో 2ఎస్ లైపోకి (రెండు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీకి) మారాలని ఉంది. బడ్జెట్ 30 పౌండ్ల లోపే.

చూసినవి రెండు. హాబీవింగ్ క్విక్‌రన్ 1060: 60 ఆంపియర్లు, 2ఎస్ మీద 12 టర్నుల మోటారు దాకా పనిచేస్తుంది, జంపర్ (దాని మీదుండే చిన్న పిన్ను క్యాప్) మారిస్తే రివర్స్ తీసేసి బ్రేకు మాత్రం ఉంచుకోవచ్చు, రేసుకి కావలసిందీ అదే. రెండోది తమియా టీబీఎల్ఈ-02ఎస్, సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతోంది, కానీ దానికి లైపో కటాఫ్ (బ్యాటరీ మరీ దిగిపోకముందే ఆపేసే రక్షణ) లేదు, నాలాంటి బ్రష్డ్ మోటారు 25 టర్నులకు తగ్గకూడదు. నా మనసు 1060 వైపే ఉంది.

రేసుల్లో వాడినవాళ్లు చెప్పండి: 1060లో బ్రేకు మెత్తగా పడుతుందా, ఒక్కసారిగా పట్టేస్తుందా? హార్నెట్ బాడీ లోపల గాలి పెద్దగా ఆడదు కదా, వరసగా రేసులు నడిపితే వేడి తట్టుకుంటుందా? ఇదే ధరలో ఇంతకన్నా థ్రాటిల్ సాఫీగా ఉండేది ఏదైనా ఉంటే మోడల్ పేరు చెప్పండి ప్లీజ్.