పాపకి ఆప్గార్ 7, 9 అని రాశారు. భయపడాలా?

గాజువాక నాన్న:
మొన్న రాత్రి మాకు పాప పుట్టింది. నార్మల్ డెలివరీ, బరువు 2.8 కిలోలు, నెలలు నిండాయి. ఇవాళ కేస్ షీట్ తిరగేస్తుంటే ఒక మూల "ఆప్గార్ 7/10, 9/10" అని కనబడింది. డ్యూటీలో ఉన్న అమ్మాయిని అడిగితే "నార్మలే సార్" అని వెళ్ళిపోయింది. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా పెద్దత్త "పదికి ఏడేనా? పాపకేటైంది?" అని కంగారు పెట్టేసింది.

నా భయానికి ఇంకో కారణం ఉంది. పాప పుట్టగానే ఏడవలేదు. నేను లేబర్ రూమ్ తలుపు బయటే ఉన్నాను. "పాప పుట్టింది" అని లోపలినుంచి మాట వినబడింది, ఏడుపు మాత్రం కాస్త ఆగి వినబడింది. ఫోన్‌లో వెతికితే బ్రెయిన్‌కి ఆక్సిజన్ అందదని, పెద్దయ్యాక చదువు రాదని ఏవేవో ఉన్నాయి. నిద్ర పట్టడం లేదు. ఆ పోయిన మూడు మార్కులు దేనికి పోయినట్టు? నా భార్యకి ఇంకా చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

సీతమ్మధార సిస్టర్:
నాయనా, ముందు పాప పుట్టినందుకు చాలా సంతోషం. నేను మన విశాఖలోనే గవర్నమెంటు ఆస్పత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆ రెండు అంకెలూ నా చేత్తో రాస్తూనే ఉండేదాన్ని. ఆప్గార్ అంటే పుట్టగానే బిడ్డ ఎలా ఉందో చూసి పదికి వేసే స్కోరు. మీ పాప స్కోరు మంచి స్కోరు. అది ముందు మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

7 అనేది పాప పూర్తిగా బయటికొచ్చిన ఒక నిమిషానికి వేసింది. 9 అనేది అయిదు నిమిషాలకి వేసింది. రెండోసారి కూడా 7 కంటే తక్కువుంటే అయిదేసి నిమిషాలకి ఒకసారి, ఇరవై నిమిషాల దాకా మళ్ళీ మళ్ళీ చూస్తారు. మీ పాపకి ఆ అవసరమే రాలేదు.

చూసేది అయిదు విషయాలు: గుండె, ఊపిరి, ఒంటి బిగువు, స్పందన, రంగు. ఒక్కోదానికి సున్నా, ఒకటి, లేదా రెండు వేస్తాం. గుండెకి స్టెతస్కోపు పెడతాం, లేదంటే బొడ్డుతాడు మొదట్లో వేళ్ళు ఆనించి ఆరు సెకన్లు లెక్కపెట్టి పక్కన సున్నా చేరుస్తాం. పన్నెండు వస్తే నిమిషానికి నూట ఇరవై అన్నమాట. వంద దాటితే రెండు మార్కులు. ఊపిరి గట్టిగా తీసుకుని ఏడిస్తే రెండు, నీరసంగా, ఆగి ఆగి తీసుకుంటే ఒకటి. కాళ్ళూ చేతులూ ముడుచుకుని, కదిలిస్తూ ఉంటే బిగువుకి రెండు, తడి గుడ్డలా వేలాడిపోతే సున్నా. ముక్కులో సన్న ట్యూబు పెట్టినప్పుడు తుమ్మినా, దగ్గినా, ఏడ్చినా స్పందనకి రెండు. మొహం చిట్లించి ఊరుకుంటే ఒకటి.

ఇక రంగు. మొదటి నిమిషంలో దాదాపు అందరు పిల్లలకీ ఇక్కడే ఒక మార్కు పోతుంది. ఒళ్ళు బాగానే ఉంటుంది, చేతులూ పాదాలూ మాత్రం నీలంగా ఉంటాయి. రక్తప్రసరణ కుదురుకునేదాకా అది మామూలే. అందుకే ఒక్క నిమిషానికే పదికి పది వేసిన కేస్ షీట్ కనబడితే నాకు నమ్మకం కలగదు, బిడ్డని చూసి వేశారా, అలవాటుగా వేశారా అనిపిస్తుంది. పైగా పుస్తకంలో ఒళ్ళంతా గులాబీ రంగు ఉండాలని రాస్తారు. మన పిల్లలు చామనఛాయగానో నల్లగానో పుడతారు, ఒళ్ళు చూస్తే ఏం తెలుస్తుంది? నాలుక చూడాలి, పెదవుల లోపలి వైపు చూడాలి. కొత్తగా డ్యూటీకి వచ్చిన పిల్లలకి నేను ముందు నేర్పింది ఇదే.

మీ పాపకి రంగులో ఒకటి, ఊపిరిలో ఒకటి, బిగువులోనో స్పందనలోనో ఒకటి పోయి ఉంటాయి. ఇది నా అంచనా. కేస్ షీట్‌లో విడివిడిగా రాసి ఉండొచ్చు, పిల్లల డాక్టరుని అడిగితే చూపిస్తారు. "నార్మలే సార్" అంటే సరిపోదు. రెండు నిమిషాలు నిలబడి చెప్పడం మా పనిలో భాగమే.

ఇంకో మాట. బయట నిలబడ్డవాళ్ళకి ఏడుపొక్కటే లెక్క, నాకు తెలుసు. కానీ లోపల మేం స్కోరు కోసం నిమిషం దాకా చేతులు కట్టుకుని కూర్చోం. బిడ్డ రాగానే పొడి గుడ్డతో ఒళ్ళంతా తుడుస్తాం, వీపు రుద్దుతాం. చాలామంది అక్కడితోనే ఊపిరి అందుకుంటారు. అప్పటికీ అందుకోకపోతే నిమిషం తిరిగేలోపే మాస్కు పెట్టి అంబు బ్యాగ్‌తో, అంటే చేత్తో నొక్కే గాలి సంచితో, గాలి ఇవ్వడం మొదలుపెట్టాలి. తలకిందులుగా పట్టుకుని కొట్టడం లాంటివి చెయ్యకూడదు. ఆ టైములో ఫ్యాన్ ఆపేస్తే "ఉక్కకి చచ్చిపోతున్నాం సిస్టరమ్మా" అని బంధువులు గొడవ చేసేవారు. విశాఖ ఉక్క నాకు తెలియదా? కానీ తడి ఒంటి మీద ఆ గాలి తగిలితే బిడ్డ చల్లబడిపోతుంది.

ఈ స్కోరు పెట్టింది వర్జీనియా ఆప్గార్ అనే అమెరికా డాక్టరమ్మ. ఆవిడ మత్తు డాక్టరు. 1952లో న్యూయార్క్‌లో దీన్ని రూపొందించి, 1953లో అచ్చు వేయించారు. అప్పటిదాకా పుట్టిన బిడ్డని ఒక పద్ధతిగా చూడడం తక్కువే. బిడ్డ ఈ క్షణాన ఎలా ఉంది, మనం చేసినదానికి తేరుకుంటోందా అని గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకే మాటలో చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. తెలివి కొలవడానికి కాదు. ఈ స్కోరు చూసి ఏ ఒక్క బిడ్డ భవిష్యత్తూ చెప్పకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే రాసి పెట్టింది.

మధురవాడ అమ్మ:
అన్నయ్యా, మా బాబుకి నిమిషానికి 4, అయిదు నిమిషాలకి 8. కడుపులోనే మలం పోసుకున్నాడు, ఉమ్మనీరు పచ్చగా వచ్చింది. మాస్కుతో గాలి ఇచ్చారు, ఆ తర్వాత పసిపిల్లల వార్డులో అబ్జర్వేషన్‌లో ఉంచి మా దగ్గరకి ఇచ్చారు. ఇప్పుడు రెండో తరగతి. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే అలల దగ్గర వాణ్ణి పట్టుకోలేకపోతున్నాం.

నాకు ఆ స్కోరు కంటే చుట్టాల మాటలే ఎక్కువ బాధ పెట్టాయి. మెడ నిలబెట్టడం ఒక వారం ఆలస్యమైనా "అప్పుడు ఏడవలేదు కదా" అనేవారు. ఎవరి మాటా పట్టించుకోకుండా టీకాలకి వెళ్ళినప్పుడల్లా పిల్లల డాక్టరుతో ఎదుగుదల చూపించుకున్నాను. మీ భార్యకి మీరే చెప్పండి, దయచేసి. నాకు మా ఆడపడుచు నోటినుంచి తెలిసింది.

అనకాపల్లి నుంచి:
సిస్టర్ గారూ, మా చెల్లికి 33 వారాలకే కాన్పయింది. బాబుకి 5, 7 వేశారు. నెలలు నిండని పిల్లలకి కూడా ఇదే లెక్కా?

సీతమ్మధార సిస్టర్:
లెక్క అదే అమ్మా, కానీ చదివే తీరు వేరు. నెలలు నిండని బిడ్డకి కండరాల బిగువు సహజంగానే తక్కువ, ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా సిద్ధం కావు. బిడ్డకి ఏ జబ్బూ లేకపోయినా స్కోరు తగ్గొచ్చు. ఆ బాబుకి ఇప్పుడు చూడాల్సింది వేడి, ఊపిరి, పాలు, బరువు. డాక్టరు సరేనంటే మీ చెల్లి చేత బాబుని గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టించండి. కంటి రెటీనా పరీక్ష ఎప్పుడో కూడా అడగండి, నెలలు నిండని పిల్లలకి అది చాలా ముఖ్యం.

గాజువాక నాన్న:
సిస్టర్ గారూ, చెల్లెమ్మా, చాలా థాంక్స్. రౌండ్స్‌కి వచ్చినప్పుడు పిల్లల డాక్టరుని అడిగాను. కేస్ షీట్ తీసి చూపించారు. రంగు 1, ఊపిరి 1, స్పందన 1, గుండె 2, బిగువు 2. తుడిచి వీపు రుద్దగానే ఏడ్చిందట, మాస్కు అవసరం రాలేదట. నా భార్యకీ చెప్పాను. "నాకు తెలుసు, నా పొట్ట మీద పెట్టే తుడిచారు, నేను చూస్తూనే ఉన్నాను" అంది. రేపు డిశ్చార్జి. ఇంటికి వెళ్ళేముందు ఇంకేమైనా అడగాలా?

సీతమ్మధార సిస్టర్:
అడగాలి. తొడకి విటమిన్ కె ఇంజక్షన్ ఇచ్చారో లేదో కాగితంలో చూడండి, బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి కూడా. మడమ దగ్గర రక్తం తీసి చేసే థైరాయిడ్ పరీక్ష, వినికిడి పరీక్ష అయ్యాయా, లేకపోతే ఎప్పుడు రమ్మంటారో రాయించుకోండి. ఆ కేస్ షీట్‌లోని స్కోరు డిశ్చార్జి కాగితంలో కూడా రాయమనండి. మీకు భయం పుట్టించిందని దాన్ని వదిలెయ్యొద్దు, రేపు ఏ డాక్టరుకి చూపించినా పనికొస్తుంది.

ఇంటికెళ్ళాక పాప పాలు తాగడం మానేసినా, నిద్రలేపినా మత్తుగా ఉన్నా, నిమిషానికి అరవై దాటి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్ళు కాలినా చల్లబడినా, కామెర్ల పచ్చదనం అరచేతులకీ అరికాళ్ళకీ పాకినా రాత్రయినా సరే తీసుకెళ్ళిపోండి. తల్లి పాలు తప్ప ఇంకేమీ వద్దు. మీ పెద్దత్త పాప చేత తేనె చుక్క నాకిస్తానంటే వద్దని మీరే చెప్పండి, బాలింత చేత చెప్పించొద్దు.