సర్వీసు పిస్టల్ పేలి మా అక్క చనిపోయింది: నిష్పాక్షిక దర్యాప్తు కోసం ఎవరిని ఆశ్రయించాలి?

పెద్దలకు నమస్కారం. గత నెలలో ఎస్సైగా పనిచేస్తున్న మా బావ చేతిలోని సర్వీసు పిస్టల్ పేలి మా అక్క చనిపోయింది. శుభ్రం చేస్తుండగా పొరపాటున పేలిందని ఆయన చెబుతున్నారు. దర్యాప్తు చేస్తున్నది ఆయన పనిచేసే స్టేషనే కావడంతో కేసును నీరుగారుస్తారని ఊళ్లో కొందరు అంటుంటే, ఆయనను ఇప్పటికే హంతకుడిగా తేల్చేసినవారు మరికొందరు ఉన్నారు. నాకు ఎవరి తీర్పూ వద్దు, నిజం కావాలి. మేము వెళ్లేసరికి స్టూలు మీద నూనె సీసాకు మూత అలాగే ఉంది, పక్కనున్న గుడ్డ మడత కూడా విప్పలేదు. ఆ రెండూ నా కళ్లలోంచి పోవడం లేదు.

పెళ్లయి అయిదేళ్లే కావడంతో, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 196వ సెక్షన్ ప్రకారం తహసీల్దారు శవపంచనామా జరిపారు. అయితే బావ చేతుల మీద తుపాకిమందు అవశేషాల కోసం నమూనాలు తీశారా, గాయం చుట్టూ ఉన్న కాలిన గుర్తులను బట్టి ఎంత దూరం నుంచి పేలిందో పోస్టుమార్టంలో నమోదు చేశారా అని అడిగితే ఎవరూ బదులివ్వడం లేదు.

దర్యాప్తును సీఐడీకి బదిలీ చేయమని ముందుగా ఎస్పీకి అర్జీ పెట్టాలా, నేరుగా హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చా? 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏర్పాటు చేయమన్న పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ, విధుల్లో లేని సమయంలో ఇంట్లో జరిగిన ఇలాంటి ఘటనను స్వీకరిస్తుందా? ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పండి.