‘స్టేల్’ అన్న మాటకు తెలుగు: చద్దిదా, కాలం చెల్లినదా?

ప్రశ్న, పర్లాకిమిడి నుంచి:

లినక్స్ నేర్చుకునే మా ఊరి తెలుగు పిల్లల కోసం ఒక చిన్న పాఠం రాస్తూ, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ దగ్గర ఆగిపోయాను. అనేక డిస్కులను కలిపి ఒకే నిల్వగా వాడుకోనిచ్చే ఈ వ్యవస్థలో, ఏ డిస్కులు ఏ ఫైల్ సిస్టమ్‌కు చెందుతాయో కెర్నల్ (లినక్స్ వ్యవస్థకు గుండెకాయ వంటి భాగం) తన మెమరీలో ఒక జాబితా ఉంచుకుంటుంది. ఒక డిస్కును ఊడదీసి, వేరే యంత్రంలో మరో పనికి ఫార్మాట్ చేసుకున్నా, ఈ జాబితాలో దాని పాత వివరమే ఉండిపోయి మౌంట్ చేసేటప్పుడు, అంటే నిల్వను వాడకంలోకి తెచ్చేటప్పుడు, చిక్కు తెస్తుంది. ఇంగ్లీషులో దీనిని ‘స్టేల్’ అంటారు. నేను ‘చద్ది సమాచారం’ అని రాస్తే, ఒక మిత్రుడు ‘కాలం చెల్లిన’ అనమన్నారు. సభ్యులు ఏమంటారు?

జవాబు, గుణుపురం నుంచి:

మాస్టారూ, ‘చద్ది’ని మాత్రం వదిలేయండి. ‘పెద్దల మాట చద్దిమూట’ అని మెచ్చుకునే భాషలో ఆ మాటకు దోషం అంటదు. ఇక్కడి ఒడియా ఇళ్లలో ‘బాసి’ అనేదీ అంతే, దానిని ఇష్టంగానే తింటారు. ‘పాచి’ అంటే కుళ్లు వాసన తగులుతుంది. కెర్నల్ జాబితాలో కుళ్లిందేమీ లేదు.

‘కాలం చెల్లిన’ వినడానికి బాగానే ఉన్నా, ముందుగా ఒక గడువు ఉన్నప్పుడే అది పొసగుతుంది. మందుసీసాకు గడువు ఉంటుంది గాని, కెర్నల్ నమోదుకు గడువేదీ లేదు. నిమిషం క్రితం నమోదైన వివరం అబద్ధం కావచ్చు, నెలల నాటిది నేటికీ నిజమే కావచ్చు. ‘పాతబడిన’ అన్నా ఇదే లోపం. భూమి అమ్ముడైపోయినా పట్టాలో పాత యజమాని పేరే ఉన్నట్టు, రాసిననాడు నిజమైనదే, తరవాతి మార్పు తనకు చేరక తప్పైపోయింది. అందుచేత ‘మిగిలిపోయిన నమోదు’ అనడం నాకు సమ్మతం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరి పిల్లలకు ఇంతకంటే బరువైన మాట ఎందుకు?

అయితే అసలు మెలిక వేరే ఉంది. ఇంగ్లీషువారు రెండు వేర్వేరు దోషాలను ఈ ఒక్క మాటతోనే పిలుస్తున్నారు. ప్రతి డిస్కు మీదా మొదటి నుంచి 64 కిలోబైట్ల దూరంలో ఉండి, ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలు దాచే సూపర్‌బ్లాక్‌లో ఫైల్ సిస్టమ్ గుర్తు, ఆ డిస్కు సంఖ్య, మార్పులు నమోదైనకొద్దీ పెరిగే జనరేషన్ అంకె ఉంటాయి. మీరు చెప్పిన సందర్భంలో డిస్కుదేమీ తప్పు లేదు, జాబితాదే తప్పు. మౌంట్ కాని డిస్కులకు ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డివైస్ స్కాన్’ ఆదేశానికి ‘ఫర్‌గెట్’ ఐచ్ఛికం చేర్చి మరిపించి, మళ్లీ స్కాన్ చేయిస్తే సరిపోతుంది. రెండోది దీనికి తలకిందులు: ఒక డిస్కు ఊడి ఉండగా మిగిలినదానిని డిగ్రేడెడ్ పద్ధతిలో (డిస్కు తక్కువైనా పనిచేయించే తీరులో) మౌంట్ చేసి రాతలు రాసి, తరవాత ఊడినదానిని తిరిగి తగిలిస్తే, దాని జనరేషన్ అంకె తక్కువగా ఉంటుంది. ఇక్కడ జాబితా సరైనదే, డిస్కే వెనకబడింది. రైడ్-1 (ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల మీద రెండు ప్రతులుగా ఉంచే పద్ధతి) అయితే స్క్రబ్ (అంతా చదివి తప్పులు వెతికి దిద్దే ఆదేశం) నడిపి రెండో ప్రతి నుంచి సరిదిద్దుకోవాలి. కాపీ-ఆన్-రైట్ (పాతదాని మీద రాయక కొత్త చోట రాసే పద్ధతి) ఆపివేసిన ఫైళ్లకు, సమాచారం చెడిందో లేదో తేల్చే చెక్‌సమ్ ఉండదు కనుక వాటి విషయంలో స్క్రబ్ కూడా మంచిచెడ్డలు తేల్చలేదు. రెండు డిస్కులనూ విడివిడిగా మౌంట్ చేసి రెండింటి మీదా రాసి ఉంటే, ఇక ఏది వెనకబడిందో అంకె చూసి చెప్పడం కుదరదు.

కాబట్టి మొదటిదానిని ‘మిగిలిపోయిన నమోదు’ అని, రెండోదానిని ‘వెనకబడిన డిస్కు’ అని విడదీసి రాయండి. ఒకే పేరు పెడితే పిల్లవాడు స్క్రబ్ చేయవలసిన చోట ఫర్‌గెట్ చేస్తాడు.

మరుజవాబు, పర్లాకిమిడి నుంచి:

విడదీసే రాస్తానండి. డిస్కుల గుర్తులు చూపే బ్లక్‌ఐడీ కూడా తన సొంత జాబితాను ఒక ఫైలులో దాచుకుంటుంది కదా, దానికీ ‘మిగిలిపోయిన నమోదు’ అనవచ్చునా?

జవాబు, గుణుపురం నుంచి:

నిస్సందేహంగా అనవచ్చు. కాని అది కెర్నల్ జాబితాతో సంబంధం లేనిది. ఫర్‌గెట్ చేసినా అది చెరగదు. బ్లక్‌ఐడీకి ‘పీ’ ఐచ్ఛికం ఇస్తే దాచుకున్నదానిని పక్కనపెట్టి నేరుగా డిస్కునే చదువుతుంది. ‘ఎవరి జాబితాలో మిగిలిపోయింది’ అన్నది మీ పాఠంలో ప్రతిసారీ చెప్పవలసి ఉంటుంది.